పాత మెషిన్ల మోటార్లతో చేతిపని సామాన్: ఏది దేనికి పనికొస్తది, ఎక్కడ బెడిసికొడతది

గురువారం పురానాపూల్ దిక్కు జుమ్మేరాత్ బజార్‌కి పోయినా, ఆదివారం ఎర్రగడ్డ సంతకి పోయినా పాత ఇనుప సామాన్ల మధ్యలో కనిపించేవి దాదాపు అవే. స్విచ్ పోయిన కటింగ్ మెషిన్లు (యాంగిల్ గ్రైండర్లు), బాడీ పగిలిన డ్రిల్లింగ్ మెషిన్లు, వాషింగ్ మెషిన్ నుంచి పీకిన మోటార్లు, రాళ్లు అరిగిపోయిన బెంచ్ గ్రైండర్లు, మూత లేని వెట్ గ్రైండర్లు. అమ్మేటాయన దృష్టిలో అవి మెషిన్లు కావు, లోపలున్న రాగి, ఇనుము. చాలావరకు బరువు చూసే ధర చెప్తాడు. అందుకే ఇంట్లో కుమ్మరి చక్రం కట్టుకుందాం, చిన్న చెక్క లేత్ (చెక్కని తిప్పుతూ ఉలితో చెక్కే మెషిన్) పెట్టుకుందాం, పాలిష్ మెషిన్ చేసుకుందాం అనుకునేవాళ్లకి ఇది మంచి జాగా, ఎందుకంటే షాపులో కొత్త మోటార్‌కి పెట్టే దాంట్లో కొంతే పెడితే ఇక్కడ పని అయిపోతది.

కానీ ఇట్లా కట్టిన మెషిన్లలో చాలా కొద్ది నెలలకే మూలన పడతాయి, కొన్ని ఐతే వేళ్ల మీదికి తెస్తాయి. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. మోటార్ తిరుగుతుందా లేదా అనేది ఒక్కటే చూస్తారు, అది అసలు ఏ పని కోసం తయారైంది, ఎంత స్పీడు, ఎంతసేపు, ఏ వైపు నుంచి బరువు పడితే తట్టుకుంటది అనేది చూడరు. పాత మెషిన్‌కి అది ముందు చేసిన పనికి దగ్గరగా ఉండే పని ఇస్తే ఇంకో పదేళ్లు నడుస్తది. దూరంగా ఉండే పని ఇస్తే ఎంత మంచి కంపెనీదైనా కాలిపోతది.

అందుకే మొదట చూడాల్సింది నేమ్‌ప్లేట్. మోటార్ పక్కన రివెట్ కొట్టిన ఆ చిన్న అల్యూమినియం రేకు మీద మసి తుడిచి చదివితే సగం కథ అర్థమవుతది. మిక్సీ అడుగున చూడండి, చాలా వాటి మీద "రేటింగ్ 30 నిమిషాలు, 5 నిమిషాలు ఆన్, 2 నిమిషాలు ఆఫ్" అని ఉంటది. అంటే ఐదు నిమిషాలు తిప్పి ఆపకపోతే వేడెక్కే మోటార్ అని తయారుచేసినవాళ్లే చెప్తున్నారు. అట్లాంటిదాన్ని గంటసేపు తిరగాల్సిన చక్రానికి పెడితే తప్పు మోటార్‌ది కాదు. పెద్ద మోటార్ల ప్లేట్ మీద డ్యూటీ అనే గడిలో ఎస్ 1 అని ఉంటే ఆపకుండా నడపొచ్చు, ఎస్ 2 అంటే కాసేపే, ఎస్ 3 అంటే ఆగి ఆగి. హెచ్‌పీ ఉండకపోతే కిలోవాట్లలో ఉంటది, 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు, కాబట్టి 0.37 అని ఉంటే అది అర హెచ్‌పీ. ప్లేట్ ఊడిపోయిన మోటార్ కొనకపోవడమే మంచిది, ఎంత చవకగా ఇచ్చినా సరే, దాని గురించి తెలుసుకోవడానికి పట్టే కష్టం ఆ తేడా కంటే ఎక్కువ.

ఇంక లోపలి సంగతి. ఇంట్లో, వర్క్‌షాపులో కనిపించే మోటార్లు ప్రధానంగా రెండు జాతులు. ఒకటి కార్బన్లు, అంటే లోపల తిరిగే భాగానికి కరెంట్ అందించే చిన్న ముక్కలు, ఉండేది, యూనివర్సల్ మోటార్ అంటారు, మిక్సీ, డ్రిల్లింగ్ మెషిన్, కటింగ్ మెషిన్, మార్బుల్ కట్టర్, జిగ్ సా, కుట్టు మిషన్ మోటార్ అన్నీ ఈ జాతే. చిన్నగా తేలిగ్గా ఉంటది, స్పీడు మాత్రం విపరీతం, 4 ఇంచుల యాంగిల్ గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతది, మిక్సీ ఐతే అంతకంటే ఎక్కువే. లోడ్ లేకపోతే ఇంకా పైకి పోతది, లోడ్ పడితే దిగుతది, స్థిరంగా ఒక దగ్గర ఉండదు. రెండోది ఇండక్షన్ మోటార్, కార్బన్లు ఉండవు, పక్కన కండెన్సర్ ఉంటది, బరువుగా ఉంటది. బెంచ్ గ్రైండర్, వెట్ గ్రైండర్, వాషింగ్ మెషిన్, నీళ్ల పంపు, కూలర్ ఇవన్నీ ఇది. మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి నాలుగు పోళ్ల (లోపలి కాయిళ్ల అయస్కాంత ధ్రువాల) మోటార్ నిమిషానికి సుమారు 1,440, రెండు పోళ్లది సుమారు 2,880 తిరుగుతది, లోడ్ పడినా పెద్దగా తగ్గదు.

స్పీడు తగ్గించడం దగ్గర ఈ రెండింటికీ తేడా తెలియకపోతే డబ్బులు పోతాయి. కార్బన్ల మోటార్‌కి కోఠిలో దొరికే పెద్ద వాటేజ్ డిమ్మర్ పెడితే స్పీడు తగ్గుతది, కానీ దాని ఫ్యాన్ కూడా అదే షాఫ్ట్ మీద ఉంటది కాబట్టి తక్కువ స్పీడులో గాలి అందక వేడెక్కుతది, స్పీడుతో పాటు బలం కూడా పడిపోతది. ఇండక్షన్ మోటార్‌కి డిమ్మర్ పెడితే ఐతే ఇంకా నష్టం. అది స్పీడు తగ్గినట్టు అనిపిస్తది, నిజానికి జారుతూ వేడి మింగుతుంటది. ఫ్యాన్ రెక్కల్లాంటి మెత్తటి లోడ్‌కి అది నడుస్తది గానీ మట్టి ముద్ద, చెక్క దుంగ లాంటి లోడ్‌కి నడవదు. ఇండక్షన్ మోటార్‌కి సరైన దారులు రెండే, పుల్లీలు మార్చడం, లేదంటే త్రీ ఫేజ్ మోటార్ తెచ్చి వీఎఫ్‌డీ (కరెంట్ ఫ్రీక్వెన్సీ మార్చి స్పీడు మార్చే డబ్బా) పెట్టడం.

ఈ త్రీ ఫేజ్ దారి గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే బాలానగర్, జీడిమెట్ల యూనిట్ల నుంచి తీసేసిన అర హెచ్‌పీ, ఒక హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటార్లు పాత సామాన్ల షాపులకు వస్తుంటాయి, ఇళ్లలో త్రీ ఫేజ్ ఉండని చోట వాటిని ఎవరూ ముట్టుకోరు. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ పెడితే ఇంట్లోనే నడుస్తది, నాబ్ తిప్పితే స్పీడు మెత్తగా పెరుగుతది, తగ్గుతది, దిశ కూడా మారుతది. మెలిక ఏంటంటే చాలా మోటార్లు 415 వోల్టులకి స్టార్‌లో కట్టి ఉంటాయి (స్టార్, డెల్టా అంటే లోపలి మూడు కాయిళ్లని కలిపే రెండు పద్ధతులు), ఈ చిన్న వీఎఫ్‌డీ ఇచ్చేది 230 వోల్టులే. టెర్మినల్ బాక్స్ తెరిస్తే ఆరు వైర్లు బయటికి ఉంటే పట్టీలు మార్చి డెల్టా చేసుకోవచ్చు, ప్లేట్ మీద కూడా ఆ వివరం ఉంటది. మూడే వైర్లు ఉంటే వైండింగ్ షాపాయన లోపల విప్పి మిగతా మూడూ బయటికి తీయాలి. కొనేముందే ఆ డబ్బా మూత తెరిచి చూస్తే తర్వాత తిరుగుళ్లు తప్పుతాయి. ఇంకోటి, వీఎఫ్‌డీతో కూడా బాగా తక్కువ స్పీడులో ఎక్కువసేపు నడిపితే మోటార్ ఫ్యాన్ గాలి చాలదు, కాబట్టి కొంత తగ్గింపు పుల్లీతోనే చేసి మిగతాది నాబ్‌కి వదలడం మంచి పద్ధతి.

కుమ్మరి చక్రం లెక్క తీసుకుందాం, మన దగ్గర ఎక్కువమంది అడిగేది ఇదే. మట్టిని నడిమికి తెచ్చేటప్పుడు నిమిషానికి రెండొందల పైన, గోడలు పైకి లాగేటప్పుడు అందులో సగం, అంతకంటే ఎక్కువ స్పీడు దాదాపు అక్కర్లేదు. కావాల్సింది బలం. పావు హెచ్‌పీ మోటార్ 1,440 స్పీడు దగ్గర ఇచ్చే మెలి బలం (టార్క్) 1.2 న్యూటన్ మీటర్ల దరిదాపు, చేత్తో గట్టిగా పట్టుకుంటే ఆగేంత. అదే పుల్లీలతో ఆరు రెట్లు తగ్గిస్తే స్పీడు 240కి దిగుతది, బలం ఏడు దాటుతది, అప్పుడు రెండు మూడు కిలోల మట్టి మీద అరచేయి ఆనించినా చక్రం ఆగదు. మోటార్‌కి 2 ఇంచుల పుల్లీ, చక్రానికి 12 ఇంచుల పుల్లీ పెడితే ఒకే దెబ్బలో ఈ లెక్క వస్తది, చాలామంది అట్లనే చేస్తారు. ఐతే 'A' సెక్షన్ అనే సైజు వీ బెల్టుకి 3 ఇంచుల కంటే చిన్న పుల్లీ మంచిది కాదు, బెల్టు మరీ మెలి తిరిగి తొందరగా పగుళ్లు పడతది, చిన్న పుల్లీ మీద పట్టు కూడా తక్కువే. జాగా ఉంటే రెండు మెట్లలో చేయడం నయం, 3 నుంచి 9, మళ్లీ 3 నుంచి 6, మొత్తం కలిపి అదే ఆరు రెట్లు.

దీనికి సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్ మోటార్ వాడేవాళ్లు చాలామంది. అందులో రెండు మోటార్లు ఉంటాయి, ఉతికేది ఒకటి, పిండేది ఒకటి. తీసుకోవాల్సింది ఉతికేది. అది బట్టల్ని అటూ ఇటూ తిప్పాలి కాబట్టి దాని రెండు కాయిళ్లూ సమానంగా చుట్టి ఉంటాయి, కండెన్సర్ వైరు ఇటు నుంచి అటు మారిస్తే దిశ మారిపోతది, కుడిచేతి వాటం ఎడమచేతి వాటం ఇద్దరికీ పనికొచ్చే చక్రం అవుతది. లోపం ఏంటంటే అది కూడా టైమర్ మీద పది పదిహేను నిమిషాలు నడిచి ఆగే పనికే తయారైంది, మధ్యమధ్యలో విరామం ఇస్తది. నేర్చుకునేవాళ్లకి, చిన్న ప్రమిదలు, కప్పులు చేసేవాళ్లకి చాలు. రోజంతా కూర్చుని చేసేవాళ్లకి చాలదు.

నిజానికి ఈ పనికి అన్నిటికంటే బాగా సరిపోయేది పాత వెట్ గ్రైండర్, దాని గురించి ఎందుకో తక్కువమంది ఆలోచిస్తారు. డ్రమ్ము నిమిషానికి వంద పైచిలుకు స్పీడులో, కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూగా, ముందే తగ్గించిన స్పీడులో తిరుగుతది. రాళ్ల బరువు, పప్పు బరువు నిలువుగా మోయడానికే దాని అడుగు బేరింగ్ పెట్టి ఉంటది, చక్రం మీద మట్టి బరువు పడేది కూడా నిలువుగానే. నీళ్లు కారినా మోటార్‌లోకి పోకుండా ఏర్పాటు ఉంటది. అరగంట, ముప్పావుగంట ఆపకుండా తిరగడం దానికి అలవాటు. అంటే పాత పనికీ కొత్త పనికీ మధ్య దూరం దాదాపు లేదు. డ్రమ్ము తీసి, డ్రమ్ము కూర్చునే పళ్లెం మీద గుండ్రంగా కోసిన 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ బిగిస్తే చక్రం తయారు. స్పీడు మాత్రం ఒక్కటే ఉంటది, అది దీని పరిమితి. ఇదే గ్రైండర్‌ని ప్రపంచమంతా చిన్న చాక్లెట్ తయారీదార్లు కోకో గింజలు నూరడానికి మెలాంజర్ లెక్కన వాడుతున్నారు, ఇడ్లీ పిండి కోసం దక్షిణాదిలో పుట్టిన మెషిన్ చాక్లెట్ పరిశ్రమలోకి పోయింది కూడా ఇదే కారణం వల్ల, బరువు, నెమ్మది, గంటల తరబడి ఓపిక. ఇంట్లో పాడైన గ్రైండర్ ఉంటే కబాడీకి ఇచ్చేముందు ఒక్కసారి ఆలోచించండి.

డ్రిల్లింగ్ మెషిన్‌తో చెక్క లేత్ కట్టడం ఇంకా పాపులర్ పని. రెండు చెక్క దిమ్మెల మధ్య డ్రిల్‌ని పడుకోబెట్టి క్లాంప్ వేసి, చక్‌లో (బిట్టుని పట్టుకునే నోట్లో) ఒక బోల్టు బిగించి, అవతలి వైపు ఒక మేకు మొన పెట్టి, మధ్యలో చెక్క. పెన్ను గొట్టాలు, బొంగరాలు, లక్క పిడతల్లాంటి చిన్న బొమ్మలు దీని మీద వస్తాయి, ఇది నిజమే. ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క రంగు ఎక్కించే పనివాళ్లు చేసే పని కూడా సూత్రంగా ఇదే, అక్కడా చాలామంది కరెంట్ మోటార్లకి మారిపోయారు. ఐతే డ్రిల్ లోపలి బేరింగులు ముందుకు తోసే ఒత్తిడిని తట్టుకోవడానికి ఉన్నవి, పక్క నుంచి ఉలి నొక్కే ఒత్తిడికి కాదు. కొన్నాళ్లకి చక్ ఊగడం మొదలవుతది, ఆ ఊగుడు చెక్క మీద అలలు అలలుగా కనిపిస్తది. పెద్ద బెంచ్ డ్రిల్లుల్లో చక్ టేపర్ (కొస సన్నబడే కడ్డీ) మీద ఊరికే ఒత్తి కూర్చుని ఉంటది, పక్క ఒత్తిడికి అది ఊడి ఎగిరిపడే ప్రమాదం ఉంది. కాబట్టి డ్రిల్‌ని తిప్పే శక్తి కోసం మాత్రమే వాడుకుని, చెక్కని పట్టుకునే షాఫ్ట్ వేరుగా రెండు ప్లమ్మర్ బ్లాకుల (బేరింగ్ కూర్చుని ఉన్న ఇనుప గూళ్ల) మీద పెట్టాలి. అప్పుడు ఒత్తిడంతా ఆ బేరింగులు తీసుకుంటాయి, డ్రిల్ ఊరికే తిప్పుతది. ఈ ఒక్క మార్పుతో ఆటబొమ్మ లాంటి లేత్ కాస్తా పనిచేసే లేత్ అయిపోతది. గిన్నెలు తిప్పాలంటే మాత్రం ఇది కూడా చాలదు, దానికి ఇండక్షన్ మోటార్, బరువైన ఇనుప ఫ్రేమ్ కావాలి.

పూసలు, ముత్యాల పనికి హ్యాండ్ డ్రిల్ అస్సలు వద్దు. పత్తర్‌గట్టి ముత్యాల ఊళ్లో ఉండేవాళ్లకి ఈ పని ఎంత సున్నితమో చెప్పక్కర్లేదు, ముత్యాన్ని ఒకే వైపు నుంచి పొడిస్తే అవతలి వైపు పెచ్చు లేస్తది, అందుకే రెండు వైపుల నుంచి సగం సగం తొలుస్తారు. 13 మిల్లీమీటర్ల చక్ మిల్లీమీటరు కంటే సన్నం పిన్నుని నిటారుగా పట్టుకోలేదు, ఒకవేళ పట్టినా వణుకుతది. పాత కుట్టు మిషన్ మోటార్‌కి చిన్న కోలెట్ (సన్నటి పిన్నుని పట్టుకునే బిగింపు) బిగిస్తే ఆ పని అందంగా చేస్తది, పైగా దాని కాలి పెడల్ ఊరికే వస్తది, రెండు చేతులూ పని మీద ఉంటాయి, కాలుతో స్పీడు. చిన్న మోటార్, చిన్న పని, సరిపోయింది.

పాలిష్ మెషిన్‌కి మాత్రం వేరే ఆలోచనే అక్కర్లేదు, పాత బెంచ్ గ్రైండర్ కొనాలి. 6 ఇంచుల గ్రైండర్ రాళ్లు తీసేసి ఒక వైపు గుడ్డ బఫ్, ఇంకో వైపు వైర్ బ్రష్ పెట్టుకుంటే ఇత్తడి, వెండి, కొమ్ము, రెజిన్, చెక్క బొత్తాలు ఏవైనా మెరుస్తాయి. 2,880 స్పీడులో 6 ఇంచుల బఫ్ అంచు సెకనుకి సుమారు 23 మీటర్ల వేగంతో పోతది, బఫింగ్ సోపుతో ఆ వేగం సరిగ్గా పనిచేస్తది. మొదటిసారి విప్పేవాళ్లు ఇక్కడ ఒకటి గమనించాలి. కుడి వైపు నట్టు మామూలుగా విప్పితే వస్తది, ఎడమ వైపు నట్టుకి మర ఉల్టా ఉంటది, అటువైపు తిప్పితే ఇంకా బిగుస్తది. తిరిగే దిశకి నట్టు తనంతట తను విప్పుకోకుండా అట్లా పెడతారు. బలం పెట్టి తప్పు వైపు లాగి మరలు చెడగొట్టిన గ్రైండర్లు పాత సామాన్లలో చాలానే కనిపిస్తాయి, కొనేముందు ఆ రెండు నట్లూ వేళ్లతో తిప్పి చూస్తే తెలిసిపోతది. పాలిష్ చేసేటప్పుడు వస్తువుని బఫ్ కింది సగం మీదే ఆనించాలి, చేజారినా కిందికి, అవతలికి పోతది, మొహం మీదికి రాదు.

గ్రైండర్ రాయి విషయంలో ఇంకో లెక్క ఉంది, ఇది ప్రాణం మీది సంగతి కాబట్టి చెప్పుకోవాలి. ప్రతి రాయి మీదా గరిష్ఠ వేగం అచ్చేసి ఉంటది. 4 ఇంచుల కటింగ్ డిస్కుల మీద సెకనుకి 80 మీటర్లు, దాదాపు 15,200 చుట్లు అని ఉంటది, 11,000 తిరిగే మెషిన్‌కి అది చాలు. బెంచ్ గ్రైండర్ రాళ్లు మామూలుగా 35 మీటర్ల రకం. ఆ 6 ఇంచుల రాయిని కటింగ్ మెషిన్‌కి అడాప్టర్ పెట్టి బిగిస్తే అంచు వేగం 86 దాటుతది, అంటే రాయి తట్టుకునే దానికి రెట్టింపు పైన. అది ముక్కలై పేలుతది, పేలొచ్చు అని కాదు. చిన్న మెషిన్‌కి పెద్ద రాయి పెట్టడానికి గార్డు తీసేస్తే ఆ ముక్కల్ని ఆపేదీ ఉండదు.

అదే కోవలో మన సిటీలో ఇంటీరియర్ పని జరిగే ప్రతి అపార్ట్‌మెంట్‌లో కనిపించేది, మార్బుల్ కట్టర్‌ని ప్లైవుడ్ బల్ల కింద తలకిందులు బిగించి, పళ్ల బ్లేడు పైకి తెచ్చి, టేబుల్ సా లెక్కన వాడడం. పని చకచకా అవుతది, అందుకే అందరూ చేస్తారు. కానీ ఆ మెషిన్ తయారైంది రాయి మీద డైమండ్ బ్లేడు నడపడానికి, దాని బ్లేడుకి పళ్లు ఉండవు. పళ్ల బ్లేడు చెక్కలో ఇరుక్కుంటే చెక్కని వెనక్కి, మనిషి మీదికి విసిరేస్తది. అసలు టేబుల్ సాలో బ్లేడు వెనక నిలబడి కోసిన సందు మూసుకోకుండా చూసే సన్నటి రేకు ఒకటి ఉంటది, ఈ కట్టుడు మెషిన్‌లో అది ఉండదు, పైన మూత ఉండదు, స్విచ్ ఏమో లాక్ చేసి బల్ల కింద ఎక్కడో ఉంటది. చేతిపని కోసం పలకలు కోయాలనుకునేవాళ్లకి ఇది వద్దని గట్టిగా చెప్పాలి. జిగ్ సాని అట్లనే తలకిందులు బిగించడం దానికంటే చాలా నయం, బ్లేడు పైకీ కిందికీ ఆడుతది గానీ చెక్కని విసరదు. ఒక కొసనే పట్టుకుని ఉంటది కాబట్టి మందం చెక్కలో బ్లేడు వంగుతది, అర ఇంచు లోపు పలకల్లో బొమ్మల ఆకారాలు కోయడానికి బాగుంటది.

మోటార్ గురించే ఇంత మాట్లాడుకున్నాం గానీ చాలా చేతిపనుల్లో అసలు కష్టం మోటార్ దగ్గర ఉండదు, కదలిక దగ్గర ఉంటది. దీనికి మన పక్కనే ఉన్న ఉదాహరణ ఆసు యంత్రం. పోచంపల్లి రకం చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పాలి, ఒక చీరకి సుమారు 9,000 సార్లు చేయి ఆడించాలి, అది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే చేసేది. ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక 1992లో మెషిన్ కట్టడం మొదలుపెట్టి, ముక్కలు ముక్కలుగా కదలికల్ని సాధించుకుంటూ పోయి, ఒక్క కదలిక దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయారు. బాలానగర్‌లో ఒక యూనిట్‌లో పనికి పోయినప్పుడు వేరే పని చేసే మెషిన్‌లో సరిగ్గా ఆ కదలిక కనిపించింది, 1999లో యంత్రం పూర్తయింది, తల్లి పేరు మీద లక్ష్మీ ఆసు యంత్రం అని పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన్ని అన్నేళ్లు ఆపింది మోటార్ కాదు. పాత మెషిన్ కొనేటప్పుడు మోటార్‌ని మాత్రమే పీకి మిగతాది వదిలేసేవాళ్లు దీన్నుంచి ఒకటి పట్టుకోవాలి, పాత కుట్టు మిషన్‌లో సూది పైకీ కిందికీ ఆడే ఏర్పాటు, వాషింగ్ మెషిన్ గేర్ డబ్బా, బెంచ్ డ్రిల్ మెట్ల పుల్లీ, ఇవి మోటార్ కంటే విలువైనవి, కొత్తగా చేయించాలంటే చాలా ఖర్చు.

చేయించడం అంటే మాత్రం హైదరాబాద్‌లో ఉన్న సౌకర్యం చాలా ఊళ్లలో లేదు. 1943లో మొదలైన ప్రాగా టూల్స్, తర్వాత వచ్చిన హెచ్ఎంటీ, ఐడీపీఎల్, హెచ్ఏఎల్ లాంటి పెద్ద కంపెనీలకి విడిభాగాలు చేసిపెడుతూ బాలానగర్, సనత్‌నగర్ చుట్టూ వందలాది చిన్న లేత్ షాపులు పుట్టాయి, 1968లో అక్కడే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది. పెద్ద కంపెనీలు కొన్ని మూతపడ్డా ఆ చేతి నైపుణ్యం ఆ గల్లీల్లోనే ఉంది. రాయదుర్గంలో 2023లో మొదలైన టీ వర్క్స్ ప్రోటోటైపుల (కొత్త వస్తువుల మొదటి నమూనాల) కోసం పెద్ద మెషిన్లు పెట్టింది, బాగానే ఉంది, కానీ ఒక్క షాఫ్ట్ తిప్పించుకోవాలంటే బాలానగర్ టర్నరే తొందరగా చేసిస్తాడు. బేరింగులు, పుల్లీలు, బెల్టులకి రాణిగంజ్. 20 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి యూసీపీ 204 ప్లమ్మర్ బ్లాకులు రెండు తీసుకుంటే చాలా చేతిపని మెషిన్లు అయిపోతాయి. మామూలు 6204 బేరింగ్ ఐతే లోపలి రంధ్రం 20, బయటి చుట్టు 47, మందం 14 మిల్లీమీటర్లు, దానికి గూడు వేరుగా చేయించాలి. టర్నర్ దగ్గరికి నోటి లెక్కతో పోకుండా బేరింగ్, పుల్లీ రెండూ వెంట తీసుకుపోయి చేతికివ్వాలి, ఆయన వాటికి సరిపెట్టుకుంటూ తిప్పుతాడు, అప్పుడు షాఫ్ట్ వదులు కాదు.

కొనేచోట చూసుకోవాల్సినవి పెద్దగా లేవు. షాఫ్ట్‌ని వేళ్లతో తిప్పితే ఇసుక నలిగినట్టు గరగర వస్తే బేరింగ్ పోయింది, అది మార్చుకోవచ్చు. షాఫ్ట్‌ని అటూ ఇటూ లాగితే ఊగుతుంటే బేరింగ్ గూడే అరిగి ఉండొచ్చు, అది కష్టం. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వార్నిష్ వాసన వస్తే వదిలేయాలి. ఎలక్ట్రిషియన్ దగ్గర సిరీస్ బల్బు ఉంటది, దానితో కాయిల్‌కీ బాడీకీ మధ్య చూపిస్తే బల్బు వెలగకూడదు, వెలిగితే ఆ మోటార్ బాడీకి కరెంట్ వస్తున్నట్టే.

ఇక స్విచ్ సంగతి, అందరూ చివరికి వదిలేసేది ఇదే. టంబ్లర్ స్విచ్చో, గోడ బోర్డు స్విచ్చో పెట్టి వదిలేస్తారు. కరెంట్ పోయిందనుకోండి, మనిషి లేచి వెళ్లిపోతాడు, లేదా బెల్టు సర్దుదామని చేయి పెడతాడు, అప్పుడు కరెంట్ వస్తది, మెషిన్ తనంతట తనే తిరగడం మొదలుపెడతది. దీనికి మందు మన పల్లెల్లో ప్రతి బోరు దగ్గరా ఉంది, ఆకుపచ్చ ఎర్ర బటన్ల స్టార్టర్. కరెంట్ పోతే దాని లోపలి అయస్కాంత స్విచ్ (కాంటాక్టర్) వదిలేస్తది, మళ్లీ వచ్చినా ఆకుపచ్చ బటన్ నొక్కేదాకా మోటార్ కదలదు. సింగిల్ ఫేజ్ స్టార్టర్ ట్రూప్ బజార్‌లో ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇస్తారు. దానితో పాటు ఇనుప బాడీకి ఎర్తింగ్, లైన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే లైన్ కట్ చేసే స్విచ్). మట్టి, నీళ్లు, తడి చేతులు ఉండే కుమ్మరి చక్రానికి ఇవి రెండూ లేకుండా ప్లగ్ పెట్టనే కూడదు. తిరిగే మెషిన్ దగ్గర చేతికి గ్లవ్స్ వద్దు, చున్నీ, కొంగు, వదులు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు వద్దు, గాజులు తీసి పక్కన పెట్టాలి. ఎండిన మట్టిని గీకి పాలిష్ చేసే అలవాటు ఉంటే మానుకుని తడి స్పాంజ్‌తో తుడవాలి, ఆ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో కూర్చుంటే తిరిగి రాదు. లక్క, థిన్నర్, స్ప్రే పని చేసే గదిలో ఎగ్జాస్ట్‌కి కార్బన్ల మోటార్ పెట్టొద్దు, కార్బన్ల దగ్గర నిప్పురవ్వలు వస్తూనే ఉంటాయి, ఆవిరికి అది చాలు.

పాత సామాన్లలో దొరికే ఒక వస్తువుని మాత్రం ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా ముట్టుకోకూడదు, అది మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్. చెక్క మీద మెరుపు కొమ్మల్లా నల్ల గీతలు కాల్చే డిజైన్ వీడియోలు చూసి దీన్ని వాడేవాళ్లు ఉన్నారు. దాని అవతలి వైపు వచ్చేది 2,000 వోల్టులు, ఆ వైపు షాక్ తగిలితే ఆర్‌సీసీబీ పడదు, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ అవతలి లీకేజీ ఇవతలికి కనిపించదు. ఈ పని చేస్తూ చాలా దేశాల్లో మనుషులు చనిపోయారు, అమెరికా వుడ్‌టర్నర్ల సంఘం తమ కార్యక్రమాల్లో దీన్ని నిషేధించింది. చెక్క మీద కాల్చిన డిజైన్ కావాలంటే సోల్డరింగ్ ఐరన్ చాలు, కోఠిలో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరుకుతది.